మణికట్టు పట్టుకున్న మనిషి

మా ఇంటి ముందు బండలు పరిపిస్తున్న రోజున ఆమె చనిపోయిన సంగతి తెలిసింది. తాండూరు నుంచి లారీలో నాపరాళ్ళు వచ్చాయి. వాటితో వచ్చిన మేస్త్రీ నన్ను రెండు మూడుసార్లు తేరిపార చూసి, చేతులు దులుపుకొని దగ్గరికొచ్చాడు.

"మీరు ఎన్కట దవాఖానల మత్తు డాక్టరు గదా సారూ?"

అవునన్నాను.

"మా అత్త మీ దగ్గర్నే ఆయమ్మ పని చేసేది. నా పెండ్లానికి పెద్దమ్మయితది. పోయిన నెల కాలం జేసింది."

"ఏమైంది?"

"జ్వరమొచ్చింది. నాలుగొద్దులు పండింది. గంతే. మిమ్ముల మస్తు యాద్జేస్తుండె."

నన్ను తలచుకునేదన్న ఆ చివరి మాట నిజమో, మర్యాదకు అన్నదో తెలియలేదు. అడగడానికి ధైర్యం చాలలేదు. ఆ పూట ఆసుపత్రికి రాలేనని కబురుపెట్టి లోపల కూర్చున్నాను.

ఆమె పేరు నాకు తెలుసు. ఇక్కడ రాయను. ఆ పేరు మీద ఒకసారి అబద్ధం రాస్తే, దాని కింద సంతకం పెట్టిన చెయ్యి ఇది. ఆసుపత్రిలో అందరూ ఆయమ్మ అనేవారు, నేనూ అదే అంటాను.

వికారాబాద్‌లో రైలు పట్టాలకు అవతల అప్పట్లో ఛాతీ జబ్బులకు ఒక చిన్న ధర్మాసుపత్రి ఉండేది. ఇప్పుడు లేదు. నేను మత్తు డాక్టరుగా అక్కడ చేరేటప్పటికి ఆమె వచ్చి పదేళ్ళయిందన్నారు. పొట్టి మనిషి. తెల్ల నూలు చీర, చీలమండల పైకి దోపిన కుచ్చెళ్ళు, చెప్పులు లేని కాళ్ళు. గొంతు బొంగురు. ఆ గొంతుతో ఆమె ఎంత మెల్లగా మాట్లాడినా వార్డు ఈ కొస నుంచి ఆ కొస దాకా వినిపించేది.

ఆమె చేతి కింద ఉండేవాళ్ళు గుండె పెద్దదైన రోగులు. చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి తగ్గిపోతుంది. పిల్లలు ఆ సంగతి మరిచిపోయి పెరుగుతారు. కానీ ఆ జ్వరం గుండె లోపలి కవాటాన్ని పట్టుకొని ఉంటుంది. కవాటం బిగుసుకుపోయి దారి సన్నమవుతుంది, రక్తం వెనక్కి నిలిచిపోతుంది, గుండె ఏటికేడు సాగిపోతుంది. పాతికేళ్ళు నిండకముందే నాలుగు మెట్లెక్కితే ఆయాసం, రాత్రి పడుకుంటే ఊపిరాడకపోవడం, కాళ్ళు వాయడం. కుల్కచర్ల నుంచి, బంట్వారం నుంచి, సరిహద్దు అవతలి కన్నడ ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు. ఆయమ్మ వాళ్ళను "పెద్ద గుండెలోళ్ళు" అనేది.

ఆమె పనల్లా వాళ్ళను లేవనీయకపోవడమే. మంచం దిగి ఎవరైనా కాలు కింద పెడితే ఎక్కడున్నా వచ్చి పడుకోబెట్టేది.

"నీ గుండె నడుస్తున్నది సాలదా, నువ్వు గూడ నడువాల్నా? పండు!"

ఉప్పు లేని కూడు రోగులు తినేవారు కాదు. ఆమె కంచం తెచ్చుకొని మంచం పక్కన కింద కూర్చొని అదే చప్పటి పప్పన్నం తినేది. "జూడు, నేను తింటలేనా? నాకేం రోగమున్నదని?" అలా ఎన్నేళ్ళు తిన్నదో. ఒకసారి మా ఇంట్లో ఏదో పండగకు భోజనం పెడితే మా ఆవిడతో, "కూర మస్తుగున్నదమ్మా, గని నాలుకకు ఉప్పు మండుతున్నది" అంది.

పొద్దున్నే నేను వార్డులోకి అడుగుపెట్టగానే సీసాలు చూపించేది. వాటి నిండా రోగుల మూత్రం. చదువు రాదు, సీసా మీది అంకెలు ఆమెకు పట్టవు. పక్కన వేళ్ళు ఆనించి కొలిచేది. "తొమ్మిదో మంచం పిలగానికి నిన్నటికంటె రెండు వేళ్ళు ఎక్కువొచ్చింది సారూ" అని బంగారం దొరికినట్టు చెప్పేది. కాళ్ళ వాపు పూర్తిగా దిగి, మనిషి తలకింద ఒక్క దిండుతో పడుకోగలిగితేనే ఆమె లెక్కలో ఆపరేషనుకు తయారైనట్టు. మా లెక్క కూడా అదే ఉండాలి నిజానికి. కానీ మాకు తొందరలుండేవి.

ఆపరేషన్లకు నెలకొకసారి పట్నం నుంచి పెద్ద సర్జన్ గారు వచ్చేవారు. ఎడమ పక్కటెముకల మధ్య కోసి, కొట్టుకుంటున్న గుండెలోకి చూపుడువేలు పంపి, బిగుసుకున్న కవాటాన్ని వేలితోనే విప్పడం ఆ ఆపరేషను. వేలు కవాటంలో ఉన్నంతసేపూ రక్తం ముందుకు పోదు. మామూలు గుండె కాసేపు ఓర్చుకుంటుంది. సాగి పలచబడిన గుండె ఓర్చుకోదు. వేలు ఒక్క క్షణం ఎక్కువ ఉంటే అలసిపోయి కూలబడుతుంది. అందుకని వేలు పెట్టడం, తీయడం, గుండె తేరుకొనే దాకా ఆగడం, మళ్ళీ పెట్టడం. ఎప్పుడు తీయాలి, ఎంతసేపు ఆగాలి అన్నదే అసలు కష్టం. నా రెండు చేతులూ మత్తు సంచి మీదా సూదిమందుల మీదా ఉండేవి.

ఆయమ్మ థియేటర్లోకి రావడం అనుకోకుండా జరిగింది. కుల్కచర్ల వైపు నుంచి వచ్చిన ఒక రైతు బల్ల మీద పడుకొని ఆమె చెయ్యి వదలనన్నాడు. మనిషి ఎడ్లబండిని ఎత్తగలిగినంత ఉన్నాడు, చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. సర్జన్ గారు విసుక్కొని, "సరే, ఆవిణ్ణి కూర్చోబెట్టండి, మత్తెక్కాక పంపేద్దాం" అన్నారు. ముక్కాలిపీట వేసి, ముఖానికి గుడ్డ కట్టి కూర్చోబెట్టాం. మత్తెక్కింది. ఆమె సంగతి అందరం మరిచిపోయాం. ఆపరేషను మొదలై వేలు లోపలికి వెళ్ళాక, రోగి మీద కప్పిన పచ్చ గుడ్డ కింది నుంచి ఆ బొంగురు గొంతు వినిపించింది.

"సారూ, పోతున్నది."

"ఎవరది?" అన్నారు సర్జన్ గారు.

"నాడి పోతున్నది సారూ. ఆగుర్రి. ఆగుర్రి!"

నేను రోగి కణత మీద వేలు పెట్టాను. లేదు. "తీసేయండి" అన్నాను. ఆయన వేలు తీశారు. గుండె చచ్చుబడ్డ సంచిలా కదిలింది. గోరువెచ్చని ఉప్పునీళ్ళ గుడ్డ కప్పి ఆగాం. ఎంతసేపో. అప్పుడు ఆమె, "ఆఁ... వస్తున్నది. జర ఆగుర్రి. ఇంకింత. ఇగ పెట్టుర్రి" అంది. ఆ రైతు మూడు వారాలకు తన కాళ్ళ మీద నడిచి ఇంటికి వెళ్ళాడు.

ఆ రోజు నుంచి సర్జన్ గారు చేతులు కడుక్కుంటూ మొదట అడిగే మాట, "ఆవిడ వచ్చిందా?" ఆమె ముక్కాలిపీట మీద కూర్చొని, గుడ్డ కింద రోగి మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి, కళ్ళు మూసుకొనేది. లెక్కపెట్టేది కాదు. అంకెలు నేర్పబోతే, "నాకు లెక్క రాదు సారూ. అలిసిందా అలువలేదా, గదొక్కటే తెలుస్తది" అంది.

ఇదంతా ఎందుకు చేస్తోందో ఒక్కసారే చెప్పింది. ఒక మధ్యాహ్నం ముసురు పట్టింది, వరండాలో ఇద్దరమే ఉన్నాం. ఆమె భర్త తాండూరు గనుల్లో బండలు కోసేవాడట. పోలీసు చర్య జరిగిన ఏడాది, ఇదే గుండె జబ్బుతో అతన్ని ఇదే ఆసుపత్రికి తెచ్చింది. అప్పటికింకా ఈ ఆపరేషన్లు లేవు. పడుకోబెట్టడం, మాత్రలివ్వడం. రెండు నెలల్లో కాస్త కోలుకున్నాడు.

"నేను మంచంల్నే ఒళ్ళు తుడిస్తే సిగ్గువడేటోడు సారూ. ఓ దినం, నల్ల కాడికి పోయి నేనే తానం జేస్త, ఒక్కపారి పోనీయే అన్నడు. డాక్టరమ్మ పోవద్దన్నది. నేను పోనిచ్చిన. పాపం, మొగోడు గదా అని పోనిచ్చిన." చీరకొంగుతో వరండా కటకటాలు తుడుస్తూ అంది. "మూడో మెట్టు మీద కూలవడ్డడు."

నేనేదో అనాలని ఆమె చూడలేదు. లోపల ఎవరో మంచం దిగిన చప్పుడైంది, "పండు!" అంటూ వెళ్ళిపోయింది.

నాలుగేళ్ళు అలా గడిచాయి. తర్వాత మా ఆసుపత్రికి ఒక దాత కొత్త యంత్రం కొనిచ్చారు. గుండె కొట్టుకోవడాన్ని చిన్న తెర మీద పచ్చటి గీతగా చూపించే యంత్రం. దాన్ని వాడటం నేర్చుకోవడానికి నన్ను ఆరు నెలలు పట్నం పంపారు. ఆ యంత్రంతో తిరిగొచ్చిన నాకు, నిజం చెప్పాలంటే, గర్వం తలకెక్కింది.

ఆ నెలే తాండూరు నుంచి జైనబ్ వచ్చింది. ఇరవై రెండేళ్ళుంటాయి. భర్త ఖాదర్‌కు అక్కడ సైకిళ్ళ దుకాణం. తోడుగా ఖాదర్ చెల్లెలు ముంతాజ్ వచ్చింది, పదిహేనేళ్ళ పిల్ల. వదినకు నీళ్ళు తేవడానికి వరండా మెట్లెక్కుతూ ఆ పిల్ల మధ్యలో ఆగేది. ఆయమ్మ అది చూసి నన్ను చెయ్యి పట్టుకున్నంత పనిచేసి తీసుకెళ్ళింది. "జర గీ పిల్లను గూడ జూడుర్రి సారూ." చూశాను. అదే జబ్బు. వదినకు అయ్యాక పిల్లకు చేద్దామని ఖాదర్‌తో చెప్పాను. అతను తలూపాడు. ఇంటిలో ఇద్దరికీ ఒకే జబ్బేమిటని ఆ రోజంతా చెట్టు కింద కూర్చున్నాడు.

ఆపరేషనుకు ముందు రోజు ఆయమ్మ నా గదికి వచ్చింది.

"జైనబ్ బిడ్డ కాళ్ళల్ల నీరు ఇంక ఉన్నది సారూ. మూడు దిండ్లు లేంది పండలేకపోతున్నది. ఈ నెల వద్దు."

"సర్జన్ గారు నెలకొక్కసారే వస్తారు ఆయమ్మా."

"వచ్చే నెల రారా? నెల ఆగితె ఏమైతది?"

ఏమవుతుందంటే, దాతగారూ ఆయన స్నేహితులూ మర్నాడు యంత్రం పనిచేయడం చూడటానికి వస్తున్నారు. జాబితాలో ఉన్నది జైనబ్ ఒక్కతే. ఆ మాట ఆమెతో చెప్పలేదు. "మేం చూసుకుంటాం" అన్నాను.

మర్నాడు ఆమె ఎప్పటిలాగే ముఖానికి గుడ్డ కట్టుకొని వచ్చింది. అద్దాల కిటికీ అవతల దాతగారు, మరో నలుగురు పెద్దమనుషులు నిలబడి ఉన్నారు. ముక్కాలిపీట మీద చెప్పులు లేని కాళ్ళతో ఆమె. దాని పక్కన మెరుస్తున్న కొత్త యంత్రం. నాకు సిగ్గేసింది.

"ఇవాళ అక్కర్లేదు ఆయమ్మా. మిషన్ ఉంది కదా. బయట ఉండు."

ఆమె కదల్లేదు. "బిడ్డకు మాటిచ్చిన సారూ, చెయ్యి ఇడువనని."

"మత్తెక్కింది. ఆమెకు తెలియదు. వెళ్ళు."

వెళ్ళింది. సర్జన్ గారు చేతులు కడుక్కొని లోపలికొచ్చి, "ఆవిడేది?" అన్నారు. యంత్రం వైపు చూపించాను. ఆయన ఒక్క క్షణం దాన్ని చూసి, చేతులకు తొడుగులు వేసుకున్నారు.

వేలు లోపలికి వెళ్ళింది. తెర మీద గీత వరుసగా పోతోంది. ఆయన రెండుసార్లు, "ఎలా ఉంది?" అని అడిగారు. రెండుసార్లూ తెర చూసి, "బాగుంది సార్" అన్నాను. నా వేలు కణత మీద లేదు. అలసిన గుండెలో కండ రక్తాన్ని నెట్టడం మానేసినా, లోపలి విద్యుత్తు కొంతసేపు నడుస్తూనే ఉంటుంది. గీత వస్తూనే ఉంటుంది. పుస్తకంలో చదివాను, పట్నంలో చెప్పారు కూడా. ఆ పచ్చటి గీతను చూస్తుంటే ఆ సంగతి తోచలేదు. సర్జన్ గారే ముందు గమనించారు, చేతి కింద గుండె మెత్తబడటం. తర్వాత గంటసేపు చేయగలిగినదంతా చేశాం. జైనబ్ తిరిగి రాలేదు.

తలుపు తీసుకొని బయటికొచ్చేసరికి ఆయమ్మ గోడకు ఆనుకొని నిలబడి ఉంది. నా ముఖం చూసింది. లోపలికి వెళ్ళి, ఆ అమ్మాయి పక్కన నిలబడి, చల్లబడిన చెయ్యి పట్టుకుంది. మేం అందరం వెళ్ళిపోయాక కూడా చాలాసేపు అక్కడే ఉందట.

వారం తిరక్కుండా విచారణ జరిగింది. కొత్త యంత్రం మీద మాట రాకూడదు, దాత నొచ్చుకోకూడదు. సూపరింటెండెంటు గారే కాగితం రాశారు. ఆపరేషనుకు ముందు రోగి పడక నియమం పాటించలేదని, ఉప్పు కలిసిన తిండి అందిందని, దానికి వార్డు ఆయా నిర్లక్ష్యం కారణమని. ఆమెను పిలిచి చదివి వినిపించారు. నేనూ గదిలోనే ఉన్నాను.

"ఉప్పు నేను పెట్టిన్నా?" అంది ఆమె. ఆయన్ని కాదు, నన్ను చూస్తూ.

నేను కాగితం వైపు చూశాను. తర్వాత దాని కింద సంతకం చేశాను.

ఆ కాగితంతో ఉద్యోగం పోయి, ఊరు వదిలి వెళ్ళేముందు ఆమె మా ఇంటికి వచ్చింది. గొంతు వినగానే నేను లోపలి గదిలోకి వెళ్ళి, లేనని చెప్పమని మా ఆవిడకు సైగ చేశాను. మా ఆవిడకు అబద్ధం చెప్పడం చేతకాదు. "పడుకున్నారు" అంది తడబడుతూ. తలుపు అవతల ఆ బొంగురు గొంతు, తగ్గించుకొని మాట్లాడినా, నాకు ప్రతి అక్షరం వినిపించింది.

"పండనియ్యుర్రి అమ్మా. సారుకు నిద్ర లేక శాన దినాలైంది. పోతున్న అని చెప్పుర్రి, గంతే."

ఆ తర్వాత నాలుగేళ్ళు ఆమె తాండూరులో ఉంది. ప్యాసింజరు ఎక్కితే గంట, గంటంబావు దూరం. ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. వెళ్ళలేదు.

బండల పని పూర్తయిన మర్నాడు ఆదివారం. పొద్దున బండికి తాండూరు వెళ్ళాను. ఆమెకు చెప్పవలసిన మాట ఆమెకు చెప్పలేను. ఖాదర్‌కైనా చెప్పాలి అనిపించింది. కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండుననీ అనిపించింది.

దుకాణం సులభంగానే దొరికింది. ఖాదర్ గడ్డం నెరిసింది. నన్ను గుర్తుపట్టి, లేచి, స్టూలు తుడిచి వేశాడు. ఆ మర్యాద నాకు అర్థం కాలేదు.

"ముంతాజ్ ఎట్లుంది?" అని అడిగాను.

"మంచిగున్నది సాబ్. పట్నంల ఆపరేషన్ చేపిచ్చిన. మూడేండ్లయింది. లోపలున్నది, చాయ్ పెట్టుమంట." లోపలికి కేకేశాడు. తర్వాత నా ముఖం చూసి, "మీకు తెల్వదా? మీ ఆయమ్మనే పంపిచ్చింది గదా" అన్నాడు.

నాకు తెలియదన్నాను.

"జైనబ్ పోయినంక నేను కసమ్ తిన్న సాబ్, ముంతాజ్‌ను ఏ డాక్టరుకు చూపెట్టనని. సచ్చినా ఇంట్లనే సావనీ అన్న. అప్పుడు ఆమె వచ్చింది. గిక్కడ్నే నిలవడ్డది. డాక్టర్లు మంచిగ చేసిన్రు, తప్పు నాది, నేనే నడిపిచ్చిన, నేనే ఉప్పు పెట్టిన అన్నది. డాక్టర్ల మీద కోపం వెట్టుకోకు, పిల్లను పట్నం తీస్కపో అన్నది." అతను చేతిలో ఉన్న సైకిల్ పానా వైపు చూశాడు. "గిసొంటిదే పానా నా చేతిల ఉండె. ఇసిరిన సాబ్. నుదుటికి తాకింది. నెత్తురు కారింది. కొంగు అడ్డం వెట్టుకొని మల్ల గదే మాట. పిల్లను తీస్కపో. నెల దినాలు పండుకోవెట్టు, ఉప్పు పెట్టకు, ఒక్క దిండు మీద పండినంకనే కొయ్యనియ్యి. గట్లనే చేసిన. గట్లనే బతికింది పిల్ల."

అతను నేలను చూస్తూ అన్నాడు.

"గీ ఎన్క గల్లీలనే ఉంటుండె. నాలుగేండ్లు. ఎదురొస్తె మొకం తిప్పుకున్న. పోయిన నెల ఆమె శవపెట్టె గీ తొవ్వనే పోయింది. దుకాణం తలుపు ఏసుకున్న. జైనబ్‌ను చంపిన మనిషి గదా సాబ్, ఎట్ల నిలవడుత?"

అప్పుడు చెప్పాను. మూడు దిండ్ల సంగతి, నెల ఆగమన్న సంగతి, కిటికీ అవతలి పెద్దమనుషులు, ఆమెను బయటికి పంపిన సంగతి, నేను రెండుసార్లు బాగుందన్న మాట, కాగితం మీద సంతకం. ఏదీ దాచలేదు. మధ్యలో ఎవరో సైకిలుకు గాలి కొట్టమని వస్తే, ఖాదర్ చేత్తోనే వెళ్ళమన్నాడు.

చెప్పడం అయిపోయింది. అతను కొట్టలేదు, తిట్టలేదు. "ఉప్పు పెట్టలేదా ఆమె?" అన్నాడు.

"లేదు. ఆమె కూడా ఉప్పు లేకుండానే తిన్నది, జైనబ్‌తో పాటు."

అతను లేచి తొట్టిలో నీళ్ళతో చేతుల నూనె కడుక్కున్నాడు. ఎంత రుద్దినా పోకపోతే అంగీకే తుడుచుకున్నాడు.

"ఎక్కడ వెట్టిన్రు ఆమెను?"

మేస్త్రీ నాకు చెప్పిన గుర్తులు చెప్పాను. నేనూ వస్తానని లేవబోయాను.

"మీరు రాకుర్రి సాబ్," అన్నాడు. గొంతులో కోపం లేదు. "నేనొక్కణ్ణే పోత."

దుకాణం అలాగే వదిలేసి ఎండలోకి నడిచి వెళ్ళిపోయాడు. కాసేపటికి లోపలి నుంచి ముంతాజ్ చాయ్ తీసుకొని వచ్చింది. పెద్దదైంది. మెట్లు దిగి వచ్చినా ఆయాసం లేదు. ఖాళీ దుకాణం చూసి, "అన్న ఏడి సాబ్?" అంది.

ఆయమ్మ దగ్గరికి వెళ్ళాడన్నాను.

ఆ పిల్ల ముఖం ముడుచుకుంది. "ఎందుకు సాబ్? మా వదినెను చంపింది ఆమెనే గదా?"

చాయ్ గ్లాసు పక్కన పెట్టి, ఆమెను కూర్చోమన్నాను. మొదటి నుంచి మళ్ళీ చెప్పడం మొదలుపెట్టాను.